రైడింగ్ మోవర్ లాగడం లేదా? హైడ్రో బాగుచేయించాలా, కొత్తది వేయాలా, బండే మార్చాలా

బయటికి తీసిన కాసేపు బండి బాగానే కదులుతుంది. అరగంట గడ్డి కోసేసరికి నీరసపడుతుంది. పెడల్ చివరిదాకా తొక్కినా మెరక ఎక్కదు, ఇంజిన్ మాత్రం అదే హోరుతో తిరుగుతూ ఉంటుంది. గంటసేపు చల్లారనిస్తే మళ్ళీ మామూలే. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పే ఏర్పాటు, పొట్టిగా హైడ్రో) ఉన్న రైడింగ్ లాన్ మోవర్, అంటే కూర్చుని నడిపే గడ్డి కోసే బండి, కొన్నేళ్ళు వాడినవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన కథే. అక్కణ్ణుంచి టెన్షన్ మొదలవుతుంది. ఆయిల్ మారిస్తే సరిపోతుందా? విప్పి లోపలి భాగాలు వేయాలా? మొత్తం ట్రాన్స్‌మిషన్ కొనాలా? బండినే వదిలించుకోవాలా?

ఈ ప్రశ్నకు జవాబు ట్రాన్స్‌మిషన్‌లో సగమే ఉంటుంది. మిగతా సగం మీరు బండి తోలే నేలలో, ఆ బండికి మిగిలిన ఆయుష్షులో ఉంటుంది. చదునైన పచ్చికలో పదేళ్ళు మన్నే హైడ్రోనే వాలు మీద మూడేళ్ళకు అరిగిపోవచ్చు.

## లోపల జరుగుతున్నది ఏమిటి

హైడ్రోలో గేర్లు మార్చే పని లేదు. ఇంజిన్ ఒక బెల్టుతో చిన్న పిస్టన్ పంపును తిప్పుతుంది. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో మోటారులోకి నెడితే, ఆ మోటారు గేర్ల ద్వారా వెనక ఇరుసును తిప్పుతుంది. మీరు తొక్కే పెడల్ కదిపేది స్వాష్ ప్లేట్ అనే పలకను. అది నిటారుగా ఉన్నంతసేపూ పంపు పిస్టన్లు ముందుకూ వెనక్కూ ఆడవు, బండి నిలిచి ఉంటుంది. ఎంత వాలితే అంత వేగం. రెండో వైపు వాలితే రివర్స్.

పిస్టన్లకూ అవి ఆడే రంధ్రాలకూ మధ్య, తిరిగే సిలిండర్ బ్లాకుకూ అది ఆనుకునే పలకకూ మధ్య ఉండే సందు తలవెంట్రుక మందం కన్నా చాలా తక్కువ. ఆ సందు కాస్త పెరిగితే చాలు, ఆయిల్ మోటారు దాకా పూర్తిగా వెళ్ళకుండా పక్కల నుంచి లోపలే జారిపోతుంది. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఈ నష్టం తక్కువ. వేడెక్కి పల్చబడ్డాక ఎక్కువ. చల్లగా ఉంటే లాగి, వేడెక్కాక లాగని బండిలో మొదటి అనుమానం లోపలి అరుగుదల మీదికి వెళ్ళేది ఇందుకే. ఆయిల్ తగ్గినా, అందులో గాలి చేరినా కొంతవరకు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అనుమానం రాగానే కొత్త ట్రాన్స్‌మిషన్ కొనవద్దు అనేది అందుకు.

## పర్సు తీయకముందు బయట చూడాల్సినవి

నా అనుభవంలో, "హైడ్రో పోయింది" అనుకున్న బండ్లలో కొన్నింటికి హైడ్రోలో ఏ దోషమూ లేదు. ఒక బండి గురించి రెండు రోజులు కొత్త ట్రాన్స్‌మిషన్ లెక్కలే వేసుకున్నాను. తీరా కింద పడుకుని చూస్తే, బెల్టును బిగువుగా పట్టి ఉంచే ఐడ్లర్ చేయి కీలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. స్ప్రింగు ఎంత లాగినా చేయి కదలక బెల్టు వదులుగానే ఉండిపోయింది. కీలు విప్పి తుప్పు గీకి గ్రీజు పెడితే బండి మెరక ఎక్కింది.

అందుకే మొదట డ్రైవ్ బెల్టు చూడండి. ఇది బ్లేడ్లను తిప్పే బెల్టు కాదు, వెనక ట్రాన్స్‌మిషన్‌కు వెళ్ళేది. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయా, పగుళ్ళున్నాయా, రబ్బరు కాలిన వాసన వస్తోందా, కీచుమనే శబ్దం ఉందా చూడండి. బెల్టు జారుడు చల్లదనం, వేడి అని పెద్దగా చూడదు. లోడ్ పడినప్పుడల్లా జారుతుంది, తడి గడ్డిలో మరీ ఎక్కువ. ఐడ్లర్ పుల్లీని చేత్తో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగు పోయినట్టే.

తరవాత బైపాస్ రాడ్. ఇంజిన్ ఆపి బండిని తోసుకెళ్ళడానికి వెనక వైపు లాగే కడ్డీ ఇది. సగం లాగి ఉండిపోయినా, మట్టి పట్టి పూర్తిగా వెనక్కి వెళ్ళకపోయినా ఆయిల్ అడ్డదారిలో తప్పించుకుంటుంది. పెడల్ నుంచి ట్రాన్స్‌మిషన్ దాకా వెళ్ళే లింకేజీ కూడా చూడాలి. రాడ్డు వంగి ఉంటే, నట్టు వదులైతే, మీరు పెడల్ నేలకు ఆనించినా అక్కడ చేయి సగమే కదులుతుంది. పార్కింగ్ బ్రేకు పూర్తిగా వదలకపోయినా బండి నీరసంగానే ఉంటుంది, పైగా ఆ వేడంతా ఆయిల్‌కు ఎక్కుతుంది.

చాలామంది మరిచేది చక్రం కీ. ఇరుసుకూ చక్రానికీ మధ్య చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. అది తెగినా పడిపోయినా చక్రం లోపల ఇరుసు ఒంటరిగా తిరుగుతుంది. ట్రాక్టరు తరహా బండ్లలో డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి శక్తంతా తేలిగ్గా తిరిగే ఆ వైపుకే పోయి, బండి కదలకుండా నిలబడుతుంది. చూసినవాళ్ళకు అచ్చం హైడ్రో పోయినట్టే ఉంటుంది.

చివరిది చల్లబరిచే ఏర్పాటు. ట్రాన్స్‌మిషన్ పుల్లీ మీద ఉండే ప్లాస్టిక్ ఫ్యాను రెక్కలు విరిగి ఉండవచ్చు. కింద అల్యూమినియం ఫిన్ల (వేడిని బయటికి వదిలే పలుచటి రెక్కల) మధ్య గడ్డి, దుమ్ము కలిసి దుప్పటిలా పేరుకుని ఉండవచ్చు. ఇవి రెండూ హైడ్రోను లోపల నుంచి చంపేవే.

ఇవన్నీ బాగుంటే తోపుడు పరీక్ష. బండిని బాగా వేడెక్కేదాకా నడిపి, చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు తీసి, బైపాస్ మూసి ఉండగా తోయండి. బాగున్న హైడ్రో గట్టిగా మొరాయిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక తేలిగ్గా దొర్లిపోతే ఆయిల్ లోపల దారి తప్పుతోందని అర్థం.

జీరో-టర్న్ బండి (ఉన్నచోటే గిర్రున తిరగగలిగే రకం) ఉన్నవాళ్ళకు రోగ నిర్ధారణ తేలిక. అందులో ఒక్కో వెనక చక్రానికి ఒక్కో హైడ్రో ఉంటుంది, సాధారణంగా రెండింటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. రెండు వైపులా ఒకేసారి నీరసపడితే ముందు బెల్టును అనుమానించండి. ఒక వైపే నీరసపడి బండి అటు లాగేస్తుంటే, ఆ వైపు లింకేజీ సరిగా ఉందో లేదో చూసుకుని, ఆ వైపు హైడ్రోను అనుమానించండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ బండ్లు వాలు దిగేటప్పుడు వేగాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా హైడ్రోనే. అది జారుతోందంటే ఎక్కలేకపోవడం ఒక్కటే సమస్య కాదు, దిగేటప్పుడు బండి మీ మాట వినకుండా దొర్లిపోవచ్చు. రిపేరు అయ్యేదాకా ఆ బండిని వాలు మీదికి తీసుకెళ్ళకండి. "ఈ ఒక్కసారికి" అని కూడా వద్దు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు నేల. చదునా, వాలా, వెనక ట్రాలీ కట్టి మట్టి, కట్టెలు లాగుతారా? రెండోది బండిలో మిగిలిన సత్తువ. ఇంజిన్ పొగ లేకుండా నడుస్తోందా, కోత డెక్కు (బ్లేడ్లు ఉండే కింది పెట్టె) తుప్పు తినకుండా ఉందా, ఫ్రేము పగలలేదు కదా? మూడోది మీ చేతిపని: బరువైన భాగాన్ని బండి కింద నుంచి దించగలరా, దుమ్ము లేని ఒక బల్ల ఉందా, ఓపిక ఉందా? నాలుగోది మీ ట్రాన్స్‌మిషన్ మోడల్‌కు లోపలి భాగాలు దొరుకుతాయా లేదా అన్నది. డబ్బు అయిదోది. అది ముఖ్యం కాదని కాదు. మొదటి నాలుగూ తేలకుండా చవకదాని వైపు వెళ్తే అదే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

| దారి | శ్రమ | ఎవరికి సరిపోతుంది | ప్రధాన లోపం |
|---|---|---|---|
| ఆయిల్ మార్పు, గాలి తీయడం | తక్కువ నుంచి మధ్యస్థం | ఆయిల్ పాడై, అరుగుదల ఇంకా తక్కువగా ఉన్నవాళ్ళకు | అరిగిన లోహాన్ని తిరిగి తేలేదు |
| విప్పి లోపలి భాగాలు వేయడం | చాలా ఎక్కువ | భాగాలు దొరికి, ఓపిక ఉన్నవాళ్ళకు | మధ్య బ్లాకు (పంపు, మోటారు ఆనుకుని తిరిగే దిమ్మ) గీతలు పడితే ఖర్చు పెరిగిపోతుంది |
| అదే మోడల్ కొత్తది | మధ్యస్థం | చదును నేల, బండి గట్టిగా ఉన్నవాళ్ళకు | వాలు మీద మళ్ళీ అదే గతి |
| బరువైన మోడల్‌కు మారడం | ఎక్కువ | వాలు, ట్రాలీ పని, వెల్డింగ్ వచ్చినవాళ్ళకు | బిగింపులన్నీ సరిచేసుకోవాలి |
| వాడిన ట్రాన్స్‌మిషన్ | మధ్యస్థం | పాత బండిని ఇంకొన్నాళ్ళు నడపాలనుకునేవాళ్ళకు | లోపల ఎంత అరిగిందో బయటికి కనిపించదు |
| బండి మార్చడం | లేదు | ఇంజిన్, డెక్కు కూడా అయిపోయినవాళ్ళకు | కొత్తదీ తేలికరకమైతే సమస్య వెంట వస్తుంది |

## ఆయిల్ మార్చి, గాలి తీసేయడం

చిన్న హైడ్రోలను "సీల్డ్, జీవితకాలం ఆయిల్ మార్చనక్కర్లేదు" అని చెప్పడం అలవాటైపోయింది. ఆ జీవితం ఎంత అన్నదే ప్రశ్న. ఉదాహరణకు మామూలు రైడింగ్ మోవర్లలో ఎక్కువగా కనిపించే టఫ్ టార్క్ సంస్థ కె46 మోడల్ హైడ్రోనే తీసుకోండి. దానికి కింద ఆయిల్ వదిలే ప్లగ్గు లేదు. బండి నుంచి దించి, బోర్లించి, పైన ఉన్న మూత గుండా ఒంపాలి. బ్రేకు కూడా ఆయిల్‌లోనే ఉంటుంది కాబట్టి దాని అరుగుదల పొడి అందులోనే కలుస్తుంది. లోపల ఉన్న అయస్కాంతాలు కొంత ఇనుప రజను పట్టుకుంటాయి గానీ అన్నీ పట్టుకోలేవు.

ఒంపిన ఆయిల్ చాలా చెబుతుంది. నల్లబడి కాలిన వాసన వస్తే వేడికి పాడైంది. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. వెలుతురులో వెండి రజనులా మెరుస్తుంటే లోహం అరిగి వస్తోంది, ఆయిల్ మార్పు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఏ ఆయిల్ అన్నది మాన్యువల్ చూసే పోయాలి. హైడ్రో-గియర్ అనే మరో సంస్థ చిన్న యూనిట్లలో చాలావాటికి 20డబ్ల్యూ-50 (ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు) ఇంజిన్ ఆయిల్ వాడతారు. కె46కు పాత మాన్యువళ్ళలో 10డబ్ల్యూ-30 ఉంటుంది, తరవాత ఆ సంస్థే 5డబ్ల్యూ-50 సింథటిక్‌ను అమ్ముతోంది. అరిగిన యూనిట్‌లో కొంచెం చిక్కటి ఆయిల్ పోస్తే వేడి మీద లాగుడు కొంత మెరుగుపడుతుంది. ఇది మోసమేమీ కాదు, పనిచేస్తుంది. కానీ సందు అలాగే ఉంటుంది, అరుగుదల సాగుతూనే ఉంటుంది. ఒక సీజను గడవవచ్చు, నెలకే మొదటికి రావచ్చు.

కొత్త ఆయిల్ పోశాక గాలి తీయడం తప్పనిసరి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని గట్టి స్టాండ్ల మీద నేలకు అందకుండా లేపండి. ఒక్క జాకీ మీద ఎప్పుడూ వద్దు. బైపాస్ తెరిచి, ఇంజిన్ నిదానంగా నడుస్తుండగా పెడల్‌ను ముందుకూ వెనక్కూ అయిదారుసార్లు మెల్లగా తొక్కాలి. ఇంజిన్ ఆపి, బైపాస్ మూసి, ఇంజిన్ మళ్ళీ స్టార్టు చేసి అలాగే తొక్కాలి. ఆయిల్ లెవెల్ చూసి తగ్గినంత పోయాలి. శబ్దం తగ్గి చక్రాలు ఒకే తీరుగా తిరిగేదాకా ఇదే చేయాలి. ఈ గాలి తీయని కారణంగానే "ఆయిల్ మార్చినా లాభం లేదు" అన్నవాళ్ళున్నారు.

## విప్పి లోపల బాగుచేయడం

నాకు ఇష్టమైన దారి ఇది. అయినా అందరికీ చెప్పను. కండబలం కన్నా శుభ్రత, ఓర్పు ఎక్కువ కావాలి. బయట ప్రెషర్ వాష్ చేసి, పూర్తిగా ఆరాక, దుమ్ము లేని చోట విప్పాలి. నూలుపోగులు రాలే పాత గుడ్డ దగ్గరికి రానివ్వకూడదు. ప్రతి అడుగుకూ ఫోటో తీసుకోవాలి. చిన్న స్ప్రింగు ఏ పిస్టన్ కింద నుంచి వచ్చిందో, ఏ వాషరు ఏ వైపు చూస్తోందో రేపటికి గుర్తుండదు.

విప్పాక నిర్ణయం తేల్చేది మధ్య బ్లాకు. పంపు, మోటారు సిలిండర్ బ్లాకులు ఆనుకుని తిరిగే నున్నటి ముఖాలు దాని మీదే ఉంటాయి. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గీతలో గోరు తట్టుకుంటే ఆ ముఖం పోయినట్టే. అప్పుడు కొత్త పిస్టన్లు వేసినా ఆయిల్ అక్కణ్ణుంచి జారుతూనే ఉంటుంది. ఆ ముఖం బాగుండి, సిలిండర్ బ్లాకులు, పిస్టన్లు, స్వాష్ ప్లేట్ దగ్గరి బేరింగు మాత్రమే అరిగి ఉంటే రిపేరుకు అర్థముంది. ఫిల్టరు, షాఫ్టు సీళ్ళు ఎలాగూ మార్చాలి. కేసు రెండు భాగాలు కలిపేటప్పుడు సీలెంటు పలుచగా పూయాలి. లోపలికి పొంగిన ముక్క ఫిల్టరుకు అడ్డుపడుతుంది.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, చిన్న యూనిట్లకు తయారీదారులు అన్ని లోపలి భాగాలూ విడిగా అమ్మరు. విప్పకముందే మోడల్ నంబరుతో భాగాలు దొరుకుతాయో లేదో చూసుకోండి. మధ్య బ్లాకు, పంపు, మోటారు మూడూ కొనాల్సి వస్తే మొత్తం కలిపి కొత్త యూనిట్ ధర దగ్గరికి చేరుతుంది. అలాంటప్పుడు విప్పే పట్టుదల వదిలేయడమే మంచిది. ఫుల్ సైజు తోట ట్రాక్టర్లలో ఉండే పెద్ద, బయట ఫిల్టరున్న హైడ్రోలయితే లెక్క వేరు. వాటిని సర్వీసు చేయడానికే తయారుచేశారు, రిపేరు దాదాపు ఎప్పుడూ గిట్టుబాటే.

## అదే మోడల్ కొత్తది వేయడం

సగటు వాడకందారుకు ఇది అన్నిటికన్నా నిశ్చింతైన దారి. బోల్టులు అవే, లింకేజీ అదే, చేయి తిరిగినవాళ్ళకు ఒక రోజు పని. ఒక్కటే జాగ్రత్త. బండి పేరు చెప్పి కొనకండి, ట్రాన్స్‌మిషన్ మీద ఉన్న లేబుల్ చూసి కొనండి. ఒకే కె46లో చాలా రకాలున్నాయి. కంట్రోల్ చేయి ఏ వైపు, బ్రేకు చేయి ఎలా ఉంది, అన్నీ మారుతుంటాయి. పుల్లీ, ఫ్యాను పాతవాటి నుంచి తీసి పెట్టాల్సి రావచ్చు. పెట్టెలోంచి వచ్చిన యూనిట్‌లో ఆయిల్ ఉందో లేదో చూసుకుని, గాలి తీశాకే పనికి దించండి. కొత్త బెల్టు కూడా ఇప్పుడే వేసేయండి, మళ్ళీ అంతా విప్పే శ్రమ తప్పుతుంది.

మీ నేల వాలైతే మాత్రం ఇక్కడ ఆగి ఆలోచించండి. పాతది పోయింది దాని లోపం వల్ల కాదు, అది మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోసినందువల్ల. అదే సైజుది మళ్ళీ పెడితే అదే గతి పడుతుంది.

## బరువైన మోడల్‌కు మారడం

కె46 స్థానంలో అదే సంస్థ కె66 లాంటిది అమర్చినవాళ్ళున్నారు. అది మట్టిపని చేసే తోట ట్రాక్టర్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. వాలు మీద, ట్రాలీతో తేడా మొదటి రోజే తెలుస్తుంది. అయితే ఇరుసు కొలత, చక్రం బిగించే తీరు, పుల్లీ ఎత్తు, కంట్రోల్ చేయి స్థానం, ఫ్రేములో చోటు, దేనికదే సరిచూసుకోవాలి. బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేయాల్సిందే. పుల్లీ సైజు మారితే పంపు తిరిగే వేగమూ మారుతుంది, దాన్ని లెక్కకట్టాలి. బ్రేకు లింకేజీ సరిగా కుదరకపోతే మొత్తం పని వృథా, పైగా ప్రమాదం. వెల్డింగ్, కొలతలు చేతకానివాళ్ళు ఇంత శ్రమకు బదులు ఆ స్థాయి ట్రాన్స్‌మిషన్‌తోనే వచ్చిన వాడిన తోట ట్రాక్టరు చూసుకోవడం నయం.

## వాడిన యూనిట్, లేదా బండే మార్చడం

వాడినది కొనేటప్పుడు ఆ బండి ఎందుకు మూలపడిందో అడగండి. ఇంజిన్ పగిలి మూలపడిన బండి హైడ్రో మంచి బేరం. "అంతా బాగానే ఉంది, ఊరికే అమ్ముతున్నా" అంటే అనుమానించండి. వీలైతే బండిలో ఉండగానే తోపుడు పరీక్ష చేయండి, మూత తీసి ఆయిల్ రంగు చూడండి.

బండి మార్చడానికి నా కొలత సులువైనది. ట్రాన్స్‌మిషన్‌తో పాటు ఇంజిన్, డెక్కులలో ఇంకొకటి కూడా పెద్ద ఖర్చు అడుగుతుంటే ఆ బండి మీద డబ్బు పెట్టకండి. ఒక్క ట్రాన్స్‌మిషనే సమస్య అయితే, ఆ ఖర్చు అలాంటి బండి కొత్తగా కొనే ధరలో సగం దాటనంతవరకు బాగుచేయించడమే మేలు. పాతదాన్ని అమ్మేటప్పుడు హైడ్రో వేడెక్కాక జారుతుందని కొనేవాళ్ళకు చెప్పండి. వాళ్ళ ఇంటి ముందు వాలు ఉండవచ్చు.

## ఎవరికి ఏది

అరెకరం చదును పచ్చిక, బండి వయసు మధ్యస్థం: బయటి తనిఖీలు, ఆయిల్ మార్పు. తగ్గకపోతే అదే మోడల్ కొత్తది. వాలు నేలవాళ్ళు తాత్కాలిక చికిత్సలతో సీజన్లు నెట్టుకురావద్దు. బరువైన ట్రాన్స్‌మిషన్ ఉన్న బండికి మారడమే వాళ్ళకు నేను చెప్పేది. జీరో-టర్న్‌లో ఒక వైపు పోతే ఆ వైపే మార్చవచ్చు. కానీ రెండూ ఒకే వయసువి కాబట్టి రెండోదాని ఆయిల్ కూడా అప్పుడే మార్చి, అది ఎలా ఉందో చూసుకోండి. లేకపోతే కొత్తది గట్టిగా, పాతది నీరసంగా లాగి బండి తిన్నగా పోదు. పనిముట్లు లేనివాళ్ళు మెకానిక్‌కు ఇచ్చేముందు బెల్టు, ఐడ్లర్, బైపాస్, చక్రం కీ చూడమని పేరుపేరునా అడగండి. "హైడ్రో చూడండి" అంటే నేరుగా హైడ్రో బిల్లే రావచ్చు.

ఏ దారి పట్టినా, మొదటి రెండు మూడు గంటల పని తరవాత బండి పూర్తిగా చల్లారనిచ్చి ఆయిల్ లెవెల్ మళ్ళీ చూడండి. లోపల మిగిలిన గాలి బయటికి వచ్చిన మేరకు లెవెల్ కొంత దిగి ఉంటుంది, అంత పోస్తే సరిపోతుంది. అదే చేత్తో ఫిన్ల మధ్య పేరుకున్న గడ్డి కూడా దులిపేయండి.